రావియోలీ, టార్టెల్లినీ, మోమో: పేకెట్ వెనక అంకెలు చూసి ఏది కొనాలి?

పోయిన నెల మా చెల్లి శ్రీకాకుళంలో ఒక సూపర్ మార్కెట్ నుంచి ఫోన్ చేసింది. "అప్పా, పిల్లకి ఛీజ్ పెట్టిన పాస్తా కావాలంట. ఇక్కడ ఎండుది ఒకటుంది, టిన్నులోది ఒకటుంది. ఎండుదానికి 380 క్యాలరీలని రాశాడు, టిన్నుకి 90 మాత్రమే. ఉప్పు కూడా టిన్నులోనే తక్కువుంది. టిన్నే తీసేసుకుంటాను."

"ఆగవే, వెనక వైపు ఫొటో తీసి పంపు" అన్నాను.

ఫొటో చూస్తే అది చదివిన అంకెలు కరెక్టే. తీసుకోబోయిన నిర్ణయమే తప్పు. మా నాన్నకు బీపీ ఉంది కాబట్టి ఇంట్లోకి వచ్చే ప్రతి పేకెట్ వెనక చదవడం నాకు పదేళ్లుగా అలవాటు. అయినా మొదట్లో నేనూ ఇదే పొరపాటు చేసేదాన్ని. విజయనగరం, శ్రీకాకుళం లాంటి ఊళ్లలో ఇప్పుడు ఈ సరుకు ఆన్‌లైన్‌లోనూ, పెద్ద షాపుల్లోనూ దొరుకుతోంది కనుక, కొనేముందు ఏం చూడాలో వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఇవి ఏమిటంటే

పిండి పలచగా వత్తి, లోపల పూర్ణం పెట్టి, అంచులు మూసేస్తే స్టఫ్డ్ పాస్తా. మన కజ్జికాయ పద్ధతే, కాకపోతే నూనెలో వేయించరు, నీళ్లలో ఉడికిస్తారు. చదరంగా దిండులా ఉంటే రావియోలీ. చిన్న ఉంగరంలా మడిస్తే టార్టెల్లినీ. ఇటలీలో బొలోన్యా, మోదెనా ఊళ్లు టార్టెల్లినీకి పేరు. మోమో ఇటలీది కాదు, హిమాలయాల వైపు వంట. కానీ మన షాపుల ఫ్రీజర్లలో దీనికి పోటీగా కూర్చునేది అదే కాబట్టి పోలికలో కలిపాను.

మొదటి గీటురాయి: ఏ 100 గ్రాములు?

మన దేశంలో పేకెట్ మీద పోషకాల పట్టిక 100 గ్రాములకు ఇంత అని ఇస్తారు. చిక్కంతా ఇక్కడే. ఎండు టార్టెల్లినీ 100 గ్రాములు ఉడికిస్తే నీళ్లు పీల్చుకుని రెట్టింపు దాకా అవుతుంది. ఫ్రిజ్‌లో పెట్టి అమ్మే మెత్తటి రకం ఒకటింపావు నుంచి ఒకటిన్నర రెట్లు అవుతుంది. టిన్నులోది ముందే ఉడికి, సాస్‌లో మునిగి ఉంటుంది. అంటే ఆ 100 గ్రాముల్లో చాలా భాగం టమాటా రసమూ నీళ్లూ. బియ్యం 100 గ్రాములనూ అన్నం 100 గ్రాములనూ పక్కపక్కన పెట్టి, అన్నంలో క్యాలరీలు తక్కువ అనుకుంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

పేకెట్ల మీద మామూలుగా కనిపించే అంకెలను దగ్గరికి సవరించి ఇస్తున్నాను. సోడియం అంటే ఉప్పులో ఉండేదే, మన పేకెట్ల మీద ఉప్పు లెక్క ఆ పేరుతోనే రాస్తారు. కంపెనీని బట్టి మారతాయి కాబట్టి మీ చేతిలో ఉన్న పేకెట్ మీద అంకెనే లెక్కలోకి తీసుకోండి.

| రకం (కొన్నట్టుగా 100 గ్రా.) | క్యాలరీలు | ప్రొటీన్ (గ్రా.) | కొవ్వు (గ్రా.) | సోడియం (మి.గ్రా.) |
|---|---|---|---|---|
| ఎండు టార్టెల్లినీ, ఛీజ్ | 370–400 | 13–15 | 7–12 | 500–800 |
| ఫ్రిజ్ రావియోలీ / టార్టెల్లినీ, ఛీజ్ | 260–310 | 10–14 | 6–10 | 350–500 |
| టిన్ను రావియోలీ, సాస్‌తో | 80–100 | 3–4 | 2–4 | 280–400 |
| ఫ్రోజెన్ వెజ్ మోమో | 150–200 | 4–6 | 3–7 | 300–600 |
| పూర్ణం లేని మామూలు ఎండు పాస్తా | 350–370 | 12–13 | 1–2 | 10 లోపు |

ఇది చూస్తే టిన్నే మేలు అనిపిస్తుంది. మా చెల్లికీ అలాగే అనిపించింది. ఇప్పుడు అదే పట్టికను కడుపు నిండే లెక్కలోకి మారుద్దాం. తినే మనిషికి ఒక పూటకు 300 క్యాలరీలు కావాలనుకుని, పై అంకెల్లో మధ్యస్థం పట్టుకుని లెక్కేస్తే:

| రకం | 300 క్యాలరీలకు ఎంత కావాలి | ప్రొటీన్ (గ్రా.) | సోడియం (మి.గ్రా.) |
|---|---|---|---|
| ఎండు టార్టెల్లినీ | సుమారు 80 గ్రా. | 11 | 500 |
| ఫ్రిజ్ రకం | సుమారు 105 గ్రా. | 12–13 | 450 |
| టిన్ను | సుమారు 330 గ్రా. | 11–12 | 1100 |
| వెజ్ మోమో | సుమారు 170 గ్రా. | 8–9 | 770 |

మొదటి పట్టికలో ఉప్పు తక్కువగా కనిపించిన టిన్ను ఇక్కడ అన్నిటికన్నా పైకి వచ్చేసింది. రోజు మొత్తానికి పెద్దవాళ్లకు సోడియం 2000 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అది 5 గ్రాముల ఉప్పుతో సమానం, అంటే ఒక చిన్న చెంచా. అందులో సగానికి పైగా ఒక్క పూట టిన్నులోనే పోతుంది. ఆ తర్వాత పప్పూ చారూ, మజ్జిగలో ఉప్పూ ఇంకా మిగిలే ఉంటాయి.

షాపులో నిలబడి చేసే లెక్క

కాలిక్యులేటర్ అక్కర్లేదు. సోడియం అంకెను క్యాలరీల అంకెతో పోల్చండి. రోజుకు 2000 క్యాలరీలు, 2000 మిల్లీగ్రాముల సోడియం అనుకుంటే ఒక క్యాలరీకి ఒక మిల్లీగ్రాము వస్తుంది. కాబట్టి సోడియం అంకె క్యాలరీల అంకెతో సమానంగా ఉంటే పరవాలేదు. ఒకటిన్నర రెట్లు ఉంటే ఆ రోజు మిగతా పూటల్లో ఉప్పు తగ్గించుకోవాలి. మూడు, నాలుగు రెట్లు ఉంటే నేనైతే పేకెట్ వెనక్కి పెట్టేస్తాను. ఎండుదైనా, ఉడికిందైనా, నీళ్లున్నదైనా ఈ లెక్క మోసం చేయదు. ఎందుకంటే రెండు అంకెలూ ఒకే బరువుకు రాసినవే.

దిగుమతి సరుకు దగ్గర ఇంకో జాగ్రత్త. యూరప్ పేకెట్ల మీద సోడియం ఉండదు, ఉప్పు ఎన్ని గ్రాములో రాస్తారు. ఒక గ్రాము ఉప్పంటే 400 మిల్లీగ్రాముల సోడియం. అందుకే "ఉప్పు 1.2" అని చూసి చాలా తక్కువ అనుకోకండి, అది 480. అమెరికా పేకెట్ల మీద 100 గ్రాముల లెక్క సాధారణంగా ఉండదు, ఒక సర్వింగ్‌కు ఇంత అని ఉంటుంది. ఆ సర్వింగ్ ఎన్ని గ్రాములో పక్కనే రాసి ఉంటుంది. అది చూడకుండా మన పేకెట్‌తో పోల్చడం దండగ.

రెండో గీటురాయి: లోపల నిజంగా ఏముంది?

బొమ్మ మీద పాలకూర ఆకులు నిగనిగలాడుతుంటాయి, ఛీజ్ జాలువారుతుంటుంది. కాబట్టి పదార్థాల జాబితా చదవాలి. బరువులో ఎక్కువున్నది ముందు, తక్కువున్నది చివర రాయాలన్నది నియమం. పేరులో గానీ బొమ్మలో గానీ ఏదైనా గొప్పగా చూపిస్తే అది ఎంత శాతమో కూడా రాయాలి.

ఆ శాతాన్ని రెండు మెట్లలో చదవాలి. "పూర్ణం 30 శాతం, అందులో ఛీజ్ 40 శాతం" అని ఉందనుకోండి. మొత్తం పేకెట్‌లో ఛీజ్ 12 శాతమే. 250 గ్రాముల పేకెట్‌లో 30 గ్రాములు. మిగతా పూర్ణంలో బ్రెడ్ పొడి, బంగాళాదుంప పొడి, పాల విరుగుడు పొడి, నూనె ఉంటాయి. ఇవి విషమేమీ కాదు, కానీ ఛీజ్ అనుకుని డబ్బు పెట్టింది వాటికి. పాలకూర సంగతీ ఇంతే. ఆకుపచ్చగా ఉన్నంత మాత్రాన ఆకుకూర తిన్నట్టు కాదు.

ఒకసారి నేను ఫ్రోజెన్ మోమోలు ఉడికించి, చల్లారాక నాలుగింటిని పళ్లెంలో విప్పి చూశాను. పైపొర అంతా ఒలిచి ఒక పక్కన పెట్టి, లోపలి కూరను చెంచాతో గీకి ఇంకో పక్కన పోగు చేశాను. మడతలు కలిసే చోట పిండి మూడు పొరలుగా గట్టిగా ఉంది. క్యాబేజీ తురుము తడికి ముద్దయి నిమ్మకాయంత కూడా లేదు. వంటింటి తూకం మీద పెడితే పిండి రెండు వంతులు, కూర ఒక వంతు. ఆ పళ్లెం చూశాక నాన్న "ఇది కూరగాయల వంట కాదమ్మా, పిండి వంట" అన్నారు. పోషకాల దృష్టితో చూస్తే ఆయన మాట అక్షరాలా నిజం.

పిండి ఏదన్నది అందుకే ముఖ్యం. మైదాలో పీచు 100 గ్రాములకు 3 గ్రాముల లోపే. మనం మరపట్టించుకునే గోధుమ పిండిలో 11 గ్రాముల దాకా ఉంటుంది. డ్యూరమ్ అనే గట్టి రకం గోధుమ రవ్వతో చేసిన పాస్తాకు ప్రొటీన్ మైదా కన్నా కాస్త ఎక్కువ, గట్టిగా ఉండటం వల్ల నెమ్మదిగా అరుగుతుంది కూడా. జాబితాలో మొదటి పేరు "డ్యూరమ్ వీట్ సెమోలినా" అయితే మంచిది. "రిఫైన్డ్ వీట్ ఫ్లోర్" అంటే మైదాయే.

శాకాహారులు గుర్తు తప్పకుండా చూడాలి. స్టఫ్డ్ పాస్తా పిండిలో గుడ్డు కలపడం ఇటలీలో మామూలే, మన నియమాల ప్రకారం గుడ్డున్నా మాంసాహార గుర్తయిన గోధుమరంగు త్రికోణమే పడుతుంది. మాంసం పూర్ణం అయితే ఏ మాంసమో చదవండి. బొలోన్యాలో 1974లో వాణిజ్య మండలి దగ్గర నమోదు చేయించిన టార్టెల్లినీ పూర్ణంలో ఉండేది పంది మాంసమే. టిన్నుల్లో తరచుగా గొడ్డు మాంసం ఉంటుంది. తినని ఇళ్లలో ఇది చిన్న విషయం కాదు.

ఇప్పుడు ఒక్కొక్కటీ

*ఎండు టార్టెల్లినీ.* మన ఊళ్లకు నా మొదటి ఓటు దీనికే. ఫ్రిజ్ అక్కర్లేదు, కరెంటు పోయినా భయం లేదు, నెలల తరబడి అలమరలో ఉంటుంది. ఉడకడానికి పది పన్నెండు నిమిషాలు పడుతుంది. పూర్ణం మాత్రం తక్కువ, గట్టిగా, పొడిపొడిగా ఉంటుంది. ఛీజ్ రుచి ఎక్కువ కోరుకునేవాళ్లకు కొంచెం నిరాశ తప్పదు. ఉప్పులో కంపెనీకీ కంపెనీకీ చాలా తేడా ఉంటుంది కాబట్టి ఇందాకటి లెక్క వేసుకునే కొనండి. ఇంకో సంగతి, పొడిగా కొంచెమే కనిపిస్తుంది కదా అని ఎక్కువ పోసేస్తాం. మనిషికి 75, 80 గ్రాములు చాలు. తూకం లేకపోతే 250 గ్రాముల పేకెట్‌ను ముగ్గురికి పంచండి.

*ఫ్రిజ్‌లో అమ్మే మెత్తటి రకం.* పోషకాల్లో ఇదే ముందుంది. పూర్ణం ఎక్కువ, క్యాలరీకి ప్రొటీన్ ఎక్కువ, సోడియం కాస్త తక్కువ. మూడు నుంచి ఐదు నిమిషాల్లో ఉడుకుతుంది. కానీ ఇది దాదాపు 5 డిగ్రీల లోపు చల్లదనంలోనే ఉండాలి, మా వైపు మామూలు షాపుల్లో నాకు దొరకలేదు. విశాఖ నుంచి తెచ్చుకోవాలి. విజయనగరానికి 60 కిలోమీటర్లు కాబట్టి ఐస్ ప్యాక్ పెట్టిన సంచిలో రైల్లో తెచ్చుకోవచ్చు, నేను తెచ్చాను కూడా. శ్రీకాకుళానికి వంద కిలోమీటర్లు దాటుతుంది. మే నెలలో బస్సులో అంత దూరం తేవద్దనే మా చెల్లికి గట్టిగా చెప్పాను. లోపల ఛీజ్, పాలు, ఒక్కోసారి గుడ్డు ఉంటాయి. వేడికి పాడైతే పైకి తెలియదు.

*టిన్ను.* వేడి చేసుకుని తినేయడమే, వేరే సుఖం లేదు. ఉప్పు ఎక్కువ, కొన్నిట్లో చక్కెర కూడా కలుపుతారు, పాస్తా మెత్తగా నానిపోయి ఉంటుంది. ఎండుది దొరికే చోట దీన్ని కొనాల్సిన అవసరం నాకు కనిపించలేదు.

*ఫ్రోజెన్ మోమో.* సులభంగా దొరికేదీ, ధర అందుబాటులో ఉండేదీ ఇదే. వెజ్ మోమోలో ప్రొటీన్ బాగా తక్కువ. పనీర్ గానీ చికెన్ గానీ ఉన్నది తీసుకుంటే 100 గ్రాములకు 8, 10 గ్రాముల దాకా రావచ్చు. ఆవిరి మీద ఉడికిస్తే పేకెట్ మీద అంకెలే మీ పళ్లెంలో ఉంటాయి. నూనెలో వేయిస్తే ఆ అంకెలకు విలువ లేదు, కొవ్వు ఎంత పీల్చిందో ఎవరూ చెప్పలేరు. పక్కన ఇచ్చే ఎర్ర చట్నీ పొట్లంలో ఉప్పు వేరే. ఇంట్లో టమాటా, వెల్లుల్లి, ఎండుమిర్చి ఉడికించి రుబ్బుకుంటే ఆ బరువు తగ్గుతుంది.

ఫ్రీజర్ సరుకు కొనేటప్పుడు మా జిల్లాల వాళ్లు ఇంకొకటి చూడాలి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుపాన్లప్పుడు రోజుల తరబడి కరెంటు లేకపోవడం చూసినవాళ్లం. మామూలు రోజుల్లోనూ ఎండాకాలం కోతలు తెలిసినవే. ఫ్రోజెన్ సరుకు మైనస్ 18 డిగ్రీల్లో ఉండాలి. ఒకసారి కరిగి మళ్లీ గడ్డ కడితే ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని ముద్దగా అవుతాయి, పేకెట్ లోపల మంచు పలుకులు కడతాయి. కొనేముందు పేకెట్‌ను మెల్లగా ఊపండి, లోపల ముక్కలు విడివిడిగా గలగలలాడాలి. ఒక షాపులో అలాంటి ముద్ద పేకెట్ ఇచ్చి "ఫ్రీజర్‌లోదే కదా మేడమ్, ఏం కాదు" అన్నారు. ఇంటికి తెచ్చి ఉడికిస్తే సగం పగిలి కూరంతా నీళ్లలో కలిసిపోయింది, పుల్లటి వాసన వచ్చింది. పారబోశాను. ఆ రోజు నుంచి ఊపి చూడకుండా కొనలేదు.

ఎవరికి ఏది?

బీపీ ఉన్న పెద్దవాళ్లకు వీటన్నిటి కన్నా మామూలు ఎండు పాస్తాయే మేలు. మొదటి పట్టికలో చివరి వరస మళ్లీ చూడండి, సోడియం దాదాపు లేదు. మా నాన్నకు అదే ఉడికించి, పనీర్ చిదిమి, పాలకూర వేయించి కలుపుతాను. పూర్ణం లోపల కాకుండా బయట ఉంటుంది, అంతే తేడా. ఆయన ఎప్పుడైనా టార్టెల్లినీ కావాలంటే ఏడెనిమిది ముక్కలు ఇస్తాను, ఆ పూట పచ్చడి ఉండదు.

షుగర్ ఉన్నవాళ్లు పిండిపదార్థం లెక్క చూసుకోవాలి. ఫ్రిజ్ రకం 125 గ్రాములు వండితే 55 నుంచి 60 గ్రాముల దాకా వస్తుంది. అది సుమారు 200 గ్రాముల అన్నంతో సమానం. ఛీజ్ ఉంది కాబట్టి ఇది అన్నం కాదు అనుకుని, తర్వాత పెరుగన్నం కూడా తింటే రెండు భోజనాలైనట్టు. మరీ మెత్తగా ఉడికించకుండా, సగం పళ్లెం కూరగాయలతో తినడం మంచిది.

ఎదిగే పిల్లలకు ఛీజ్ ఉన్న ఎండు టార్టెల్లినీ వారానికి ఒకసారి ఇబ్బంది లేదు. పక్కన ఒక ఉడికించిన గుడ్డు పెడితే ఇంకో 6 గ్రాముల ప్రొటీన్ చేరుతుంది. గుడ్డు తినని ఇళ్లలో గుప్పెడు ఉడికించిన వేరుశనగ గుళ్లు చాలు.

విశాఖలోనో వేరే ఊళ్లోనో రూములో ఉండి చదువుకునేవాళ్లకు ఒక గిన్నె, ఒక స్టవ్ ఉంటే ఎండుదే. ఫ్రీజర్ ఉంటే చికెన్ మోమో, ఆవిరి మీద.

వండేటప్పుడు

ఇటలీ పద్ధతిలో పాస్తా నీళ్లలో లీటరుకు 10 గ్రాముల దాకా ఉప్పు వేస్తారు. పూర్ణంలోనే ఉప్పు ఉంది కాబట్టి దీనికి అసలు వేయకండి. ఫ్రోజెన్ రకాలను కరిగించకుండా నేరుగా మరిగే నీళ్లలో వేయాలి. నీళ్లు తెర్లి తెర్లి కాగకూడదు, సన్నగా మరుగుతుంటే చాలు, లేకపోతే అంచులు విడిపోతాయి.

క్రీమ్ సాస్ పోస్తే పేకెట్ మీద చదివిన కొవ్వుకు ఇంకో అంత కలుస్తుంది. బొలోన్యాలో టార్టెల్లినీని పలుచటి మాంసం చారులో వేసుకుని తింటారు. ఆ మాట తెలిసినప్పటి నుంచి మా ఇంట్లో టమాటా, మిరియాలతో ఉప్పు తగ్గించి పెట్టిన చారులో వేస్తున్నాను, పైన కొంచెం కొత్తిమీర. ఆకలి తీరుతుంది, ముక్కలు తక్కువే పడతాయి.

మా చెల్లి ఆ రోజు టిన్ను పక్కన పెట్టి ఎండుది రెండు పేకెట్లు కొంది. రాత్రి మళ్లీ ఫోన్. "అప్పా, చారులో వేశాను. పిల్ల తినేసింది, మీ మరిది గారు కూడా మళ్లీ వేయమన్నారు. ఒక పేకెట్ ఇంకా ఉంది, ఎన్నాళ్లు ఉంచొచ్చు?" పేకెట్ మీద తేదీ దాకా, తెరిస్తే గాలి చొరని డబ్బాలో పోసి రెండు మూడు వారాల్లో వాడెయ్యమని చెప్పాను.